డిశ్చార్జి రోజు పెట్టే ఆ ఒక్క సంతకం: జనన నమోదులో జాగ్రత్తలు

కిందటి నెల మా జనన మరణ నమోదు సెక్షన్‌కి ఒక జంట వచ్చింది. పాపకి రెండేళ్లు. తండ్రికి దుబాయ్‌లో ఉద్యోగం. భార్యాబిడ్డల్ని తీసుకెళ్దామని పాస్‌పోర్టుకి పెడితే ఆగిపోయింది. పాప జనన ధ్రువపత్రంలో తల్లి పేరు ఉండాల్సిన చోట అమ్మమ్మ పేరుంది.

తప్పు ఎక్కడ జరిగిందో ఆరా తీస్తే, డిశ్చార్జి రోజు బిల్లు కౌంటర్లో కుర్రాడు "పేరు చెప్పండమ్మా" అన్నాడట. ఎదురుగా నిలబడ్డ పెద్దావిడ తన పేరు చెప్పింది. అతను జనన నమోదు ఫారంలో అదే రాసుకున్నాడు. అల్లుడు బిల్లుతో పాటు దాని మీదా సంతకం పెట్టేశాడు.

2023 అక్టోబర్ 1న, ఆ తర్వాత పుట్టిన పిల్లలకి స్కూల్లో చేర్చడం నుంచి పాస్‌పోర్టు దాకా పుట్టిన తేదీకి జనన ధ్రువపత్రమే ఆధారం. టెన్త్ మెమో చూపించి గట్టెక్కిన రోజులు మనతోనే పోయాయి.

ఆసుపత్రిలో కాన్పయితే జనన రిపోర్టు మాకు పంపాల్సింది ఆసుపత్రే, గడువు 21 రోజులు. ఇది అందరికీ తెలుసు. తెలిసినా జనాన్ని ముంచేది ఒకటే: నోటి మాట మీద ఫారం నింపించడం. ఆధార్ కార్డు బయటికి తీయరు. "లక్ష్మి" అంటారు. ఇంగ్లీషులో ఎక్స్ రాయాలో, కేఎస్‌హెచ్ రాయాలో ఆ కుర్రాడికేం తెలుసు? పుట్టింటి ఇంటిపేరా, అత్తింటిదా? కేస్ షీట్‌లో ఉన్నది ఎక్కించేస్తాడు. కేస్ షీట్‌లో ఉన్నది కూడా ఎవరో నొప్పుల హడావుడిలో చెప్పిందే.

కాబట్టి నెలలు నిండుతుండగానే భార్యాభర్తలిద్దరి ఆధార్ జిరాక్సులు కాన్పు సంచిలో పెట్టుకోండి. ఇద్దరి కార్డుల్లో తప్పులుంటే ఇప్పుడే సరిచేయించుకోండి. పేరు అడిగితే నోటితో చెప్పకండి, కార్డు ఇవ్వండి.

తొలి కాన్పు పుట్టింట్లో కదా, అక్కడో చిక్కుంది. నమోదు జరిగేది బిడ్డ పుట్టిన ఊళ్లో. కానీ ఫారంలో తల్లి మామూలుగా ఉండే ఊరు అని ఇంకో గడి ఉంటుంది. అందులో కాపురం ఉండే ఊరు రాయాలి. పక్కనున్న పుట్టింటివాళ్లు తమ ఊరే చెబుతారు. అలా చెప్పినవే ఎక్కితే, పిల్లలు పుట్టింటి ఊళ్ల లెక్కలో పడతారు, కాపురాలున్న ఊళ్ల లెక్కలోంచి జారిపోతారు.

ఇక ఆసుపత్రుల్లో ఫారాలు నింపేవాళ్లకి. ఫారంలో గణాంకాల భాగమేలే అని అందాజాగా కొట్టేయకండి. బరువు గడిలో 2.5, 3 తప్ప వేరే అంకె కనబడదు నాకు. 2,480 గ్రాముల బిడ్డని 2.5 కిలోలని రాస్తే తక్కువ బరువు పిల్లల లెక్కలోంచి ఆ బిడ్డ మాయమైపోతుంది. పెళ్లినాటి తల్లి వయసు అందరికీ 18 ఎలా అవుతుందండీ? గర్భం ఎన్ని వారాలో లేబర్ రూమ్ రిజిస్టర్లో ఉంటుంది, బయట కూర్చున్న మామగారిని అడగక్కర్లేదు. పుట్టి, ఊపిరి తీసుకుని, పది నిమిషాలకి పోయిన బిడ్డని మృత శిశువు ఫారంలో రాయకూడదు. జననం ఒకటి, మరణం ఒకటి, రెండూ నమోదు చేయాలి. ఇంటివాళ్లు "ఇప్పుడవన్నీ ఎందుకమ్మా" అన్నా సరే.

తప్పు పడ్డాక దిద్దుకోవచ్చు కదా అంటారు. దిద్దుతాం. కానీ పాత ఎంట్రీని చెరపం, పక్కన మార్జిన్‌లో రాస్తాం. అచ్చు తప్పు కాకుండా అసలు విషయమే మారుతుంటే డిక్లరేషన్ కావాలి, విషయం తెలిసిన ఇద్దరు సాక్షులు కావాలి. దుబాయ్ నుంచి ఎన్నిసార్లు వస్తాడు ఆయన?

మిగతావి ఇవీ.

చదవకుండా సంతకం పెట్టొద్దు. ఖాళీ ఫారం మీద అసలే పెట్టొద్దు.

అర్ధరాత్రి దాటితే తేదీ మారుతుంది. మంగళవారం రాత్రి ఒంటిగంటకి పుట్టాడని నాయనమ్మ అంటే అది బుధవారం.

నక్షత్రం బాగాలేదని టైమ్ మార్చమని అడగొద్దు. అడిగినా ఆసుపత్రివాళ్లు మార్చొద్దు.

మనకి బారసాల 21వ రోజు, చట్టం గడువూ 21 రోజులే. పేరు కోసం ఆగకండి. ఆ గడి ఖాళీగా వదిలి నమోదు చేయించండి. ఏడాదిలోపు పేరు ఉచితంగా చేరుస్తారు, ఆ తర్వాత 15 ఏళ్ల దాకా ఫీజు కట్టి చేర్చుకోవచ్చు. ఖాళీ గడిలో "బేబీ ఆఫ్ ఫలానా" అని రాయనివ్వొద్దు. రాసేసిన పేరు మార్చడం వేరే తలనొప్పి.

కవలలైతే రెండు ఫారాలు.

రిపోర్టు పంపారో లేదో పదో రోజుకల్లా ఆసుపత్రికి ఫోన్ చేసి కనుక్కోండి. "పంపేశాం" అంటే నమోదు నంబర్ అడగండి. నమోదు కాకుండా ఏడాది దాటితే మేజిస్ట్రేట్ ఆర్డర్ తెచ్చుకోవాల్సి వస్తుంది.

డిశ్చార్జి సమ్మరీ జనన ధ్రువపత్రం కాదు.

మళ్లీ చెబుతున్నా, నోటితో చెప్పొద్దు, కార్డు ఇవ్వండి. నింపాక ఫారం మీ చేతిలోకి తీసుకుని ఒక్కో అక్షరం కార్డుతో పోల్చండి. వెనక లైన్లో వాళ్లు విసుక్కుంటే విసుక్కోనివ్వండి.

సర్టిఫికెట్ వచ్చాక మొదట చదవండి. లామినేషన్ తర్వాత.