డీజిల్ తాగిన మట్టిని బాగుచేసుకున్నాం

ఇందుకూరుపేట దగ్గర మా రొయ్యల గుంటల గట్టు మీద జనరేటర్ షెడ్డు ఉంది. ట్యాంకు పైపు కారి కింద మట్టంతా నల్లగా, జిడ్డుగా తయారైంది. ముందు ఆ కారడం ఆపించాం. మట్టిని తీసి ఎక్కడో పారబోయడానికి నాకు మనసొప్పలేదు. వానొస్తే ఆ డీజిల్ ఎవరి కాలవలోకో పోతుంది.

మందపాటి టార్పాలిన్ వేసి, చుట్టూ చిన్న కట్ట పోసి, మట్టిని జానెడు మందాన పరిచాం. డీజిల్‌ని తినే సూడోమోనాస్ లాంటి బ్యాక్టీరియా మట్టిలో మామూలుగానే ఉంటుంది. దానికి గాలి, తేమ, నత్రజని, భాస్వరం అందాలి. డీజిల్‌లోని కార్బన్ 100 పాళ్లకు నత్రజని 10, భాస్వరం 1 అనేది వాడుకలో ఉన్న లెక్క. అందుకే మాగిన పేడ ఎరువు, కాస్త యూరియా, సూపర్ ఫాస్ఫేట్ కలిపాం. యూరియా ఎక్కువైతే ఆ సూక్ష్మజీవులకే చేటు. గుంటలోని ఉప్పునీళ్లు వద్దు, మంచినీళ్లే చల్లాలి. పిడికిట్లో నొక్కితే ముద్ద కట్టాలి, నీళ్లు కారకూడదు. వారం వారం పారతో తిరగెయ్యడమే అసలు పని. ఈశాన్య రుతుపవనాల వానలకు పైన పట్ట కప్పాం.

నెలలు పట్టింది. గ్లాసు నీళ్లలో ఆ మట్టి వేసి కలిపితే మొదట్లో రంగురంగుల పొర తేలేది, ఇప్పుడు తేలట్లేదు. పెసలు చల్లితే మొలిచాయి. అయినా ల్యాబు పరీక్ష అయ్యేదాకా ఆ మట్టిని తినే పంటకు వాడం.