తడిసిన సైకిల్ బూట్లకు పాత పేపరు

ఐర్లండ్‌లో చారిటీ కోసం సైకిల్ తొక్కేవాళ్లలో చాలామంది నైరుతి కొసన ఉన్న మిజెన్ హెడ్ నుంచి ఉత్తరాన మాలిన్ హెడ్ దాకా వెళ్తారు. 600 కిలోమీటర్ల పైమాటే. అక్కడ గాలి ఎక్కువగా నైరుతి నుంచే కాబట్టి వెనక నుంచి ఎవరో తోస్తున్నట్టుంటుంది. వాన మాత్రం ఎటు వెళ్లినా తప్పదు.

బూట్లు తడిశాయా, బసకు చేరగానే ఇన్‌సోల్ బయటికి లాగి, న్యూస్‌పేపరు ఉండలు చుట్టి వేళ్ల దగ్గరి దాకా కుక్కండి. భోజనం అయ్యాక చూస్తే పేపరు ముద్దయిపోయి ఉంటుంది. అది పారేసి కొత్తది పెట్టండి. బద్ధకించొద్దు, ఈ రెండో విడతతోనే అసలు పని. తొందరపడి హీటర్ మీద పెడితే జిగురు వదిలేస్తుంది. నా ఎడమ బూటు తెల్లారేసరికి నోరు తెరిచింది! సాక్సులు రోజుకో జత, విడివిడిగా జిప్ కవర్లలో.