రౌటర్ మార్చినా స్పీడ్ 94 దగ్గరే: నా అనుభవం

మాది 300 ఎంబీపీఎస్ ప్లాన్. కొత్త ఫోన్‌లో ఎన్నిసార్లు స్పీడ్ టెస్ట్ చేసినా 93, 94 దగ్గరే ఆగిపోయేది. రౌటర్ పక్కనే నిలబడినా అంతే. ఇంటర్నెట్ వాళ్లకు ఫోన్ చేసి గొడవపడ్డాను కూడా. పాపం, తప్పు వాళ్లది కాదు.

ప్రతిసారీ వందకు కాస్త కిందే ఎందుకు ఆగుతోందని అనుమానం వచ్చి, రౌటర్ తిరగేసి మోడల్ నంబర్ వెతికాను. అట్టపెట్టె మీద 1200 అని గొప్పగా రాసినా, అది రెండు వైఫై బ్యాండ్లూ (2.4, 5 గిగాహెర్ట్జ్) కలిపి వేసిన కాగితం లెక్క. కేబుల్ పెట్టే పోర్టులు మాత్రం 100 ఎంబీపీఎస్‌వే.

అందుకే కొత్తదానిలో ముందు గిగాబిట్ (1000 ఎంబీపీఎస్) పోర్టులు ఉన్నాయా అని చూశాను, ఆ తర్వాతే వైఫై 6. షాపతను ఇంకా కొత్త తరం వైఫై 7 కూడా చూపించాడు. దాన్ని వాడుకునే పరికరం మా ఇంట్లో ఒక్కటీ లేదు, వద్దన్నాను.

ఇంటికి తెచ్చి బిగించాను. మళ్లీ 94! తల పట్టుకున్నాను. ఫైబర్ డబ్బా నుంచి రౌటర్‌కి వచ్చే పాత కేబుల్ ప్లగ్గును వెలుతురులో పెట్టి చూస్తే, లోపల నాలుగే రంగు వైర్లు. గిగాబిట్‌కి ఎనిమిదీ ఉండాలి. ఎనిమిది వైర్లుండే క్యాట్ 6 రకం కేబుల్ ముక్క ఒకటి తెచ్చి మార్చగానే 280 దాటింది.

సాయంత్రం అమ్మ, "వరండా బల్బు ఫోన్‌తో వెలగట్లేదురా" అంది. కొత్త రౌటర్ వాడే డబ్ల్యూపీఏ 3 అనే వైఫై భద్రతా పద్ధతి ఆ పాత స్మార్ట్ బల్బుకి తెలియదు. సెట్టింగ్స్‌లో డబ్ల్యూపీఏ 2, 3 కలిపి ఉన్న మోడ్ పెట్టాక వెలిగింది.