ఒక్క రోజు నడక – 4వ పాఠం: ఎన్నింటికి వెనక్కి తిరగాలి?

కాళ్లకు ఏం తొడుక్కోవాలో, సంచీ ఎలా సర్దాలో, మెట్ల మీద ఊపిరి ఎలా కుదుర్చుకోవాలో గత మూడు పాఠాల్లో చూశాం. ఈ పాఠంలో నేర్చుకోవలసింది ఒక్క లెక్క. బయల్దేరే ముందే, ఇంట్లో కూర్చుని, వెనక్కి తిరిగే వేళను కాగితం మీద రాసుకోవడం. కొండ కొస ఇంకా పది నిమిషాల దూరంలో ఉన్నా సరే, ఆ వేళ కాగానే తిరగాలి.

విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల కొండలు పెద్ద ఎత్తేమీ కాదు. మంగళగిరి, కోటప్పకొండ, కొండపల్లి, కొండవీడు, అన్నీ ఒక్క పూటలో ఎక్కి దిగగలిగినవే. ఇక్కడ మనిషిని కూలదోసేది ఎత్తు కాదు, ఎండ. చాలామంది చేసే తప్పు ఇలా ఉంటుంది: టిఫిను చేసి ఎనిమిదింటికి మొదలుపెడతారు, పదింటికి పైకి చేరతారు, చెట్టు కింద కాస్త నడుం వాలుస్తారు, పదకొండున్నరకు దిగడం మొదలుపెడతారు. అప్పటికి బండ కాలిపోతూ ఉంటుంది. పైనుంచి ఎండ, కింద నుంచి రాతి వేడి రెండూ కొడతాయి. తెచ్చుకున్న నీళ్లలో ముప్పాతిక భాగం ఎక్కేటప్పుడే అయిపోయి ఉంటుంది. తొడలు అలసిపోయాక దిగుడులో మోకాలు పట్టు తప్పుతుంది. కాబట్టి లెక్క ఎప్పుడూ చివర నుంచి మొదలుపెట్టండి. ఎన్నింటికి కింద ఉండాలో ముందు రాసి, అక్కడి నుంచి వెనక్కి లెక్కించండి.

కొండ లెక్క

స్కాట్లండుకు చెందిన విలియం నైస్మిత్ 1892లో చెప్పిన సూత్రం ఇప్పటికీ పనికొస్తుంది. చదును దారిలో గంటకు 5 కిలోమీటర్లు, ఆపైన ఎక్కే ప్రతి 600 మీటర్ల ఎత్తుకు ఇంకో గంట. అంటే 100 మీటర్ల ఎత్తుకు పది నిమిషాలు. అది చల్లని దేశంలో, అలవాటున్న కాళ్లకు కట్టిన లెక్క. మన దగ్గర గంటకు 4 కిలోమీటర్లు అనుకోండి, ఎత్తుకు మాత్రం ఆ పది నిమిషాలే ఉంచండి. కొత్తవాళ్లు వచ్చిన మొత్తాన్ని ఒకటిన్నర రెట్లు చేసుకోవాలి. పొద్దున తొమ్మిది దాటాక ఎక్కాల్సి వస్తే ప్రతి గంటకూ ఇంకో పావుగంట కలపాలి.

ఒక ఉదాహరణ చూద్దాం. దారి 4 కిలోమీటర్లు, ఎక్కాల్సిన ఎత్తు 250 మీటర్లు. నడకకు 60 నిమిషాలు, ఎత్తుకు 25, మధ్యలో రెండు సార్లు ఐదేసి నిమిషాల విశ్రాంతి. మొత్తం 95 నిమిషాలు. కొత్తవాళ్లకైతే దాదాపు 2 గంటల 25 నిమిషాలు. దిగడానికి సగం టైం చాలని అనుకోవద్దు. చెక్కిన మెట్లయితే ఎక్కిన వేళలో ముప్పాతిక పడుతుంది. జారే గులకరాళ్లయితే ఎక్కినంతా పడుతుంది. ఒక్కోసారి ఎక్కువే.

ఇప్పుడు వెనక్కి లెక్కిద్దాం. పదకొండింటికి కింద ఉండాలి. కొత్తవాళ్ల దిగుడుకు 1 గంట 50 నిమిషాలు. అంటే 9:10కి తిరగాలి. ఆరు గంటలకు బయల్దేరితే 8:25కి పైన ఉంటారు. చూడటానికి 45 నిమిషాలు మిగులుతాయి. ఆ 45 చాలదనిపిస్తే బయల్దేరే వేళను ముందుకు జరపండి. తిరుగు వేళను మాత్రం ముట్టుకోవద్దు. సాయంత్రం నడకలకూ ఇదే పద్ధతి, కాకపోతే అక్కడ ఎండ బదులు చీకటితో లెక్క. డిసెంబరులో ఆరు కాకముందే పొద్దు గుంకుతుంది. కొండ నీడలో అంతకంటే ముందే చీకటి పడుతుంది. పొద్దు గుంకడానికి గంట ముందే కింద ఉండాలని రాసుకోండి.

గడియారంతో పాటు రెండో కొలత నీళ్లు. చలికాలంలో గంటకు అరలీటరు, ఎండ ఉంటే ముప్పావు లీటరు. పై ఉదాహరణకు మనిషికి మూడు లీటర్లు. సగం అయిపోయాయంటే వేళ కాకపోయినా తిరగాల్సిందే. ఈ రెండింటిలో ఏది ముందొస్తే దాని మాటే వినాలి. అందులో ఒక లీటరులో ఓఆర్‌ఎస్ ప్యాకెట్ కలపండి. ప్యాకెట్ లేకపోతే లీటరు నీళ్లకు ఆరు టీ చెంచాల పంచదార, అర టీ చెంచా ఉప్పు, తలగొట్టి కొలవాలి. ఉప్పు ఎక్కువైతే మేలు కన్నా కీడే ఎక్కువ. వట్టి నీళ్లే లీటర్లకు లీటర్లు తాగితే చెమటలో పోయిన ఉప్పు తిరిగి రాదు. పిక్కలు పట్టేయడం, వాంతి వచ్చేలా ఉండటం అక్కడి నుంచే మొదలవుతాయి.

తిండి విషయంలో పెద్దవాళ్ల అలవాటే సరైనది. పులిహోర మధ్యాహ్నం దాకా నిలుస్తుంది. దద్దోజనం పది దాటేసరికి పులుస్తుంది. వేరుశనగ ఉండలు, అరటిపండ్లు చాలు.

జట్టులో ఎవరైనా మాట తడబడుతున్నా, అడిగినదానికి సంబంధం లేని జవాబు చెబుతున్నా, నడక తూలుతున్నా అది అలసట కాదు, వడదెబ్బ. నీడలో పడుకోబెట్టి, మెడ మీద, చంకల్లో, గజ్జల్లో తడిబట్టలు పెట్టి, విసురుతూ 108కి ఫోన్ చేయండి. మగతలో ఉన్నవాళ్ల నోట్లో నీళ్లు పోయకూడదు.

ఏ కొండకు ఎప్పుడు?

మొదటి మెట్టు మంగళగిరి. గుంటూరు నుంచీ విజయవాడ నుంచీ రైలూ బస్సూ ఉన్నాయి. పానకాల స్వామి గుడి దాకా మెట్లున్నాయి, పక్కన ఘాట్ రోడ్డు కూడా ఉంది కాబట్టి ఏమైనా అయితే వాహనం పైకి వస్తుంది. కొత్తవాళ్లు ఇక్కడే మొదలుపెట్టాలనడానికి కారణం అదే. పై గుడి సాయంత్రం ఉండదు, రాత్రి పూజ దేవతలదని నమ్మకం. మధ్యాహ్నమే మూసేస్తారు కాబట్టి దర్శనం కావాలంటే పొద్దున్నే వెళ్లాలి, అది మన లెక్కకూ కలిసొస్తుంది. మొక్కుబడితో వట్టి కాళ్లతో ఎక్కేవాళ్లు ఎనిమిదిలోపు మెట్లు దిగేయాలి. అక్కడి పానకం ప్రసాదం బెల్లంతో ఒంటికి శక్తినిస్తుంది, కానీ అందులో ఉప్పుండదు. ఓఆర్‌ఎస్‌కు అది బదులు కాదు. కాళ్లకు పట్టు దొరికాక శిఖరం మీదున్న గండాలయ స్వామి దాకా వెళ్లండి. గుడి దాటాక దారి తీరు మారుతుంది. మెట్ల మీద పెట్టినట్టు కళ్లు మూసుకుని అడుగు వేస్తే కుదరదు.

రెండో మెట్టుకు నరసరావుపేట దగ్గరి కోటప్పకొండ. త్రికోటేశ్వరస్వామి గుడి దాకా మెట్ల దారి పొడవు, అక్కడక్కడా నిటారు. కోతులు చేతిలో ప్లాస్టిక్ సంచీ కనిపిస్తే లాక్కుపోతాయి, తిండి వీపు సంచీలో అడుగున పెట్టాలి. మహాశివరాత్రికి ప్రభలు కట్టుకుని జనం పోటెత్తుతారు. అది మొక్కుకు వెళ్లే రోజు, కాళ్లు సాధన చేసే రోజు కాదు.

అదే మెట్టులో విజయవాడ వాళ్లకు కొండపల్లి. 14వ శతాబ్దంలో రెడ్డి రాజులు కట్టిన కోట. కింద ఊళ్లో తెల్ల పొణికి చెక్కతో బొమ్మలు చేస్తారు. పైన ఇక్కడి చిక్కు దారి తప్పడం. కోటకు దర్గా దర్వాజా ఒక పక్క, గోల్కొండ దర్వాజా ఇంకో పక్క. లోపల శిథిలాల మధ్య గంటసేపు తిరిగాక దిక్కు మరచిపోవడం తేలిక. గోల్కొండ దర్వాజా గుండా దిగితే కొండకు అవతలి పక్క తేలతారు. ఊరు, రైలుస్టేషను ఇవతల ఉంటాయి. అందుకే లోపలికి అడుగుపెట్టగానే వెనక్కి తిరిగి, వచ్చిన గుమ్మాన్ని ఫోన్‌లో ఫొటో తీసుకోండి. తిరిగేటప్పుడు మీకు కనపడేది ఆ వైపే. ప్రతి మలుపులోనూ ఇదే పని చేయడం అలవాటైతే తెలియని అడవిలో కూడా దారి తప్పరు.

మూడో మెట్టు కొండవీడు, గుంటూరుకు పడమర, ఎడ్లపాడు మండలంలో. రెడ్డి రాజుల రాజధాని. కృష్ణదేవరాయలు 1515లో ఈ కోటను గెలుచుకున్నాడు. ముట్టడిలో నీళ్లకు కటకట రాకుండా పైన చెరువులు తవ్వించుకున్న కొండ ఇది. కొత్తవాళ్లు మోసపోయేది కూడా ఆ చెరువుల దగ్గరే. పైన నీళ్లున్నాయి కదా అని సీసాలు తగ్గించుకుని వస్తారు. అవి పాచిపట్టిన నీళ్లు, తాగడానికి పనికిరావు. తల తడుపుకోవడానికి మాత్రమే వాడండి.

ఇప్పుడు ఘాట్ రోడ్డు ఉంది కాబట్టి ఒక పద్ధతి చెబుతాం: మొదటిసారి రోడ్డు వెంబడే నడిచి ఎక్కి, రోడ్డు వెంబడే దిగండి. కాలిబాటలను రెండోసారికి, దారి తెలిసిన ఊరివాళ్లను వెంటబెట్టుకుని వెళ్లే రోజుకు ఉంచండి. వానాకాలం వెళ్లిన వెంటనే గడ్డి నడుమెత్తు ఉంటుంది, బాట కనపడదు. రక్తపింజర అలాంటి చోటే కదలకుండా పడి ఉంటుంది. కర్రతో ముందు గడ్డిని తడుతూ నడవాలి, చెయ్యి పెట్టే రాతిని ముందు చూడాలి. సర్కారు తుమ్మ ముల్లు మెత్తటి అడుగున్న బూటును గుచ్చుకుని పాదంలోకి దిగుతుంది. పాము కరిస్తే కోయడం, పీల్చడం, గట్టిగా కట్టడం ఏవీ వద్దు. కరిచిన కాలు కదలకుండా కర్రకు కట్టి, మనిషిని మోసుకుని దించి, నేరుగా ఆసుపత్రికి చేర్చండి. విరుగుడు మందు ఉండేది అక్కడే.

వీటన్నిటికీ మంచి కాలం నవంబరు నుంచి ఫిబ్రవరి సగం దాకా. మార్చి రెండో వారం దాటాక మూడో మెట్టు జోలికి పోవద్దని మా గట్టి మాట.

సముద్రపు లెక్క

ఒడ్డు వెంట నడకకు ఎత్తు లేదు కాబట్టి తేలిక అనుకుంటారు. మెత్తటి పొడి ఇసుకలో నడిస్తే గట్టి నేల మీద కన్నా రెండింతల పైచిలుకు శక్తి ఖర్చవుతుంది. పది కిలోమీటర్ల నడక ఇరవైలా అనిపిస్తుంది. కాబట్టి నీటి అంచున తడిసి గట్టిపడిన ఇసుక పట్టీ మీదే నడవాలి. ఆ పట్టీ వెడల్పు పోటు, పాటులను బట్టి మారుతుంది. నీరు పైకి రావడం పోటు, వెనక్కి పోవడం పాటు. ఒక పోటుకూ తర్వాతి పాటుకూ మధ్య ఆరు గంటల పైచిలుకు. రోజుకు సుమారు 50 నిమిషాల చొప్పున వేళ ఆలస్యమవుతూ పోతుంది. అమావాస్య, పౌర్ణమి చుట్టూ పోటు పెద్దది, పాటు లోతైనది. అష్టమి దగ్గర రెండూ తక్కువ.

తిరుగు వేళ ఇక్కడ చాలా సులువు: నీరు బాగా దిగిపోయి నిలిచిన క్షణమే తిరుగు వేళ. ఆ వేళకు గంట, రెండు గంటల ముందు మొదలుపెడితే వెళ్లేటప్పుడు పట్టీ వెడల్పవుతూ ఉంటుంది. తిరిగి వచ్చేటప్పుడు కాస్త సన్నబడుతున్నా ఇంకా గట్టిగానే ఉంటుంది. ఉదాహరణకు పాటు 8:30కి అడుగంటుతుందనుకోండి. 7:00కు బయల్దేరి గంటన్నర నడిస్తే ఆరు కిలోమీటర్లు. 8:30కి తిరిగి పదింటికి మొదటి చోట. హైదరాబాదులోని ఇన్‌కాయిస్ అనే సముద్ర సమాచార సంస్థ పోటుపాట్ల వేళలు, పెద్ద అలల హెచ్చరికలు ఇస్తుంది. ఒడ్డున వల సర్దుకుంటున్న మత్స్యకారుల్ని అడిగినా చెబుతారు. వాళ్లు పడవ లాగి పైన కట్టేసి ఉంటే ఆ రోజు నడక మానుకోండి.

కొత్తవాళ్లకు బాపట్ల సూర్యలంక. బాపట్ల రైల్వేస్టేషను నుంచి తొమ్మిది కిలోమీటర్లు. గంట వెళ్లి, గంట తిరిగి రండి. ఒడ్డు సముద్రం వైపు వాలుగా ఉంటుంది కాబట్టి ఒకే దిక్కున ఎక్కువసేపు నడిస్తే ఒక పక్క తుంటి నొప్పి పుడుతుంది. తిరుగు దారిలో రెండో పక్కకు బరువు పడి సర్దుకుంటుంది. అందుకే మొదట్లో ఒక వైపే వెళ్లి ఆటో ఎక్కే నడకలు పెట్టుకోవద్దు. చీరాల పక్క వాడరేవుకూ ఇదే లెక్క.

నడక తర్వాత స్నానానికి దిగేవాళ్లు ఒకటి గమనించాలి. రెండు పక్కలా అలలు విరుగుతూ, మధ్యలో ఒక పాయ మాత్రం నున్నగా, మడ్డి రంగులో, నురగ లోపలికి పోతూ ఉంటే అదే లాక్కుపోయే నీరు. నున్నగా ఉందని అక్కడే దిగుతారు. చిక్కుకుంటే ఒడ్డు వైపు ఈదవద్దు, అలసిపోతారు. ఒడ్డుకు సమాంతరంగా, పక్కకు ఈది పాయ దాటి, అప్పుడు అలలతో పాటు రండి.

అలవాటు పడ్డవాళ్లకు దివిసీమలో హంసలదీవి, కృష్ణ సముద్రంలో కలిసే చోటు. ఇక్కడ పాటు లెక్క తప్పకూడదు. వెళ్లేటప్పుడు మోకాలి లోతున దాటిన పాయ మూడు గంటల తర్వాత నడుం లోతవుతుంది. అందుకే ఏ పాయ దాటినా దాని లోతు, దాటిన వేళ కాగితం మీద రాసుకోండి. మడ అడవుల పక్క బురద కాలు దింపితే బూటు వదిలేసి రావాల్సిందే. జనవరి నుంచి మార్చి దాకా ఈ తీరంలో తాబేళ్లు గుడ్లు పెడతాయి, పైన పొడి ఇసుకలో అడుగులు వేయకుండా నీటి అంచునే నడవండి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుపానుల కాలం. 1977 ఉప్పెన ఈ సీమను ముంచింది నవంబరు 19న. మచిలీపట్నం రేవులో ఏ నంబరు ప్రమాద హెచ్చరిక ఎగరేసినా ప్రయాణం మానేయండి.

ఇంటి పని

వచ్చే ఆదివారం మంగళగిరి మెట్లెక్కండి. ముందు రోజు రాత్రే లెక్క కట్టి తిరుగు వేళ రాసుకోండి. మెట్ల అడుగున, గుడి దగ్గర, తిరిగినప్పుడు, కింద చేరినప్పుడు, నాలుగు చోట్లా వేళా, మిగిలిన నీళ్లూ రాయండి. మీరు అనుకున్న నిమిషాలతో నిజంగా పట్టిన నిమిషాలను భాగిస్తే వచ్చేది మీ సొంత గుణకం. 80 అనుకున్నది 100 పడితే అది 1.25. మూడు ఆదివారాల సగటు తీసి అట్ట మీద రాసి సంచీలో పెట్టుకోండి. అయిదో పాఠంలో కొండవీడు దారిని ఆ అంకెతోనే గుణిస్తాం.