కోడింగ్ సెటప్‌ను క్లౌడ్‌కి మార్చాలా? ముందు ఇవి చూసుకోండి

హనుమకొండలోనో కాజీపేటలోనో ఇంట్లో కూర్చుని హైదరాబాద్ కంపెనీలకు పని చేసేవాళ్లు, మడికొండ ఐటీ పార్కులో కొత్తగా చేరిన పిల్లలు నన్ను తరచూ అడిగేది ఒకటే: ల్యాప్‌టాప్‌లో ఉన్నది 8 జీబీ ర్యామ్, డాకర్ (ప్రోగ్రామ్‌ను దానికి కావాల్సినవాటితో కలిపి విడి డబ్బాలో నడిపే సాఫ్ట్‌వేర్) ఆన్ చేస్తే చాలు ఫ్యాన్ మోత, కొత్తది కొనాలా, అంతా క్లౌడ్‌లో పెట్టేయాలా? నన్నడిగితే రెండూ ఇప్పుడే వద్దు. ముందు మీ ప్రాజెక్టు ఏ మెషిన్‌లోనైనా నడిచేలా చేసుకోండి.

అంటే రెపోలో, అదే ప్రాజెక్టు కోడ్ ఉండే ఫోల్డర్‌లో, ఒక డెవ్‌కంటైనర్ ఫైల్ (కోడింగ్ సెటప్ ఎలా ఉండాలో చెప్పే ఫైల్) పెట్టాలి. ఏ ఇమేజ్ (డాకర్ మొదలుపెట్టే రెడీమేడ్ సెటప్), ఏ వెర్షన్, ఏ పోర్టులు, ఏ ఎక్స్‌టెన్షన్లు, మొదట ఏ కమాండ్ నడవాలి, అన్నీ అందులోనే రాయండి. అదే ఫైల్ మీ ల్యాప్‌టాప్‌లో వీఎస్ కోడ్‌తో పని చేస్తుంది, గిట్‌హబ్ వాళ్ల క్లౌడ్ కోడింగ్ సర్వీసు కోడ్‌స్పేసెస్‌లోనూ పని చేస్తుంది. ఇది నిజంగా ముఖ్యం, ఎందుకంటే ఈ సర్వీసులు ఎప్పుడు తలుపు వేస్తాయో చెప్పలేం. ఇలాంటిదే అయిన అమెజాన్ క్లౌడ్9 2024 జులైలో కొత్త కస్టమర్లను తీసుకోవడం ఆపేసింది. ఫైల్ మీ దగ్గరుంటే ఇంకో చోటికి మారడం పెద్ద పని కాదు.

తర్వాత నెట్. ఎడిటర్ మీ బ్రౌజర్‌లోనే నడుస్తుంది కాబట్టి టైప్ చేసిన అక్షరం వెంటనే కనిపిస్తుంది, కానీ టెర్మినల్, ఆటోకంప్లీట్, సేవ్ చేయడం అన్నీ సర్వర్ దాకా వెళ్లి రావాలి. కోడ్‌స్పేసెస్‌లో రీజియన్ (సర్వర్లు ఉండే ప్రాంతం) సెట్టింగ్‌ను ఆగ్నేయాసియాకు మార్చుకోండి, మనకు దగ్గరది అదే. ఇంకా దగ్గర కావాలంటే అమెజాన్‌కు ముంబైలో, 2022 నుంచి హైదరాబాద్‌లో కూడా రీజియన్ ఉంది, అక్కడ సర్వర్ అద్దెకు తీసుకుని వీఎస్ కోడ్ రిమోట్ ఎస్ఎస్‌హెచ్‌తో (దూరంలోని సర్వర్‌లో పని చేయించే ఎక్స్‌టెన్షన్) కనెక్ట్ అవ్వచ్చు. నెట్ తెగినా నడుస్తున్న పని ఆగకుండా టీమక్స్ వాడండి, అది టెర్మినల్ పనిని సర్వర్‌లోనే నడిపిస్తూ ఉంచే ప్రోగ్రామ్. ఎండాకాలం గాలిదుమారం వస్తే మన దగ్గర కరెంటు పోతుంది కదా, ల్యాప్‌టాప్‌కు బ్యాటరీ ఉంటుంది కానీ రౌటర్ ఆగిపోతుంది, కాబట్టి రౌటర్‌కు చిన్న యూపీఎస్ పెట్టించండి. ఒక రోజంతా ఫోన్ హాట్‌స్పాట్ మీదే పని చేసి చూస్తే, నెట్ సరిగా లేనప్పుడు ఈ పద్ధతి మీకు కుదురుతుందో లేదో మీకే తెలిసిపోతుంది.

డబ్బు లెక్క కూడా చూడండి. కోడ్‌స్పేసెస్‌లో డబ్బు కట్టని పర్సనల్ ఖాతాకు నెలకు 120 కోర్ గంటలు (ప్రాసెసర్ కోర్ల సంఖ్యను వాడిన గంటలతో గుణించిన లెక్క), 15 జీబీ స్టోరేజీ ఫ్రీ. 2 కోర్ల మెషిన్ తీసుకుంటే 60 గంటలు, 4 కోర్లదైతే 30 గంటలే. రోజుకు 8 గంటలు పని చేసేవాళ్లకు 60 గంటలు రెండు వారాలు కూడా రావు. వాడకపోతే అరగంటకు దానంతటదే ఆగుతుంది, దాన్ని 15 నిమిషాలకు తగ్గించుకోండి. ఆగినా స్టోరేజీ లెక్క నడుస్తూనే ఉంటుంది. నెల రోజులు ముట్టుకోకపోతే మామూలుగా డిలీట్ అవుతుంది, పుష్ చేయని, అంటే గిట్‌హబ్ రెపోకి పంపని కోడ్ కూడా దానితోపాటే పోతుంది, కాబట్టి లేచే ముందు పుష్ చేయడం మరవకండి. అమెజాన్‌లో మీరే తీసుకున్న సర్వర్ అయితే ఆపేది మీరే, మొదటి రోజే బిల్ అలర్ట్ పెట్టుకోండి.

ఆండ్రాయిడ్ ఎమ్యులేటర్, గేమ్ గ్రాఫిక్స్, యూఎస్‌బీకి తగిలించే బోర్డులతో పని చేసేవాళ్లు మాత్రం లోకల్‌లోనే ఉండండి, మీ డబ్బు ర్యామ్ మీద పెడితేనే లాభం. వెబ్, బ్యాకెండ్ వాళ్లు నిశ్చింతగా ప్రయత్నించవచ్చు, కానీ క్లయింట్ కోడ్ అయితే మేనేజర్ దగ్గర మెయిల్‌లో అనుమతి తీసుకున్నాకే ఎక్కించండి. నోటిమాట చాలదు.