దసరా స్టాకు ఫొటోలు: లైట్‌ బాక్సులో రంగు తేడా రాకుండా

మంగళగిరి చీరలు, విజయవాడ వన్‌టౌన్‌ గిల్టు నగలు వాట్సాప్‌లో అమ్మేవాళ్లు థర్మాకోల్‌ లైట్‌ బాక్సు (వెలుగు సమంగా పడేలా తెల్లగుడ్డ కట్టిన, లోపల సరుకు పెట్టి ఫొటో తీసే పెట్టె) బయటికి తీసేముందు ఇవి చూసుకోండి.

- గదిలో ట్యూబ్‌లైటు ఆపేయండి, కిటికీ తెర వేసేయండి. రెండు రకాల వెలుగు కలిస్తే చీర ఒక పక్క నీలంగా, ఇంకో పక్క పసుపుగా పడుతుంది. ఒక పక్క సరిచేస్తే రెండోది చెడుతుంది. మొత్తం మళ్లీ తీయాల్సిందే.

- ఆటో వైట్‌ బ్యాలెన్స్‌ (వెలుగును బట్టి కెమెరా తనంతట తానే రంగులు సరిచేయడం) వద్దు. ఫ్రేము నిండా ఎర్రచీర ఉంటే, వెలుగే ఎర్రగా ఉందనుకుని కెమెరా రంగు విరిచేస్తుంది. చీర పెట్టే చోటే గ్రే కార్డు (ఏ రంగు ఛాయా లేని బూడిదరంగు అట్ట) పెట్టి, దాన్ని చూపించి కస్టమ్‌ వైట్‌ బ్యాలెన్స్‌ సెట్‌ చేయండి. బాక్సు గుడ్డ పసుపెక్కి ఉన్నా ఆ తేడా అందులోనే సర్దుకుంటుంది. ఫోనైతే ప్రో మోడ్‌లో కెల్విన్‌ అంకె (వెలుగు పసుపుగా ఉందో నీలంగా ఉందో చెప్పేది) లాక్‌ చేయండి.

- కార్డు బదులు ఏ4 కాగితం వద్దు. తెల్లదనానికి కలిపే రసాయనాల వల్ల నీలం ఛాయ ఉంటుంది. దాన్ని నమ్మితే ఫొటోలు పసుపు తిరుగుతాయి.

- బల్బులన్నీ ఒకే కంపెనీవి, ఒకే కెల్విన్‌వి, సీఆర్‌ఐ (బల్బు వెలుగులో రంగులు ఎంత నిజంగా కనబడతాయో చెప్పే అంకె) 90 పైన ఉండాలి. సీఆర్‌ఐ తక్కువైతే కుంకుమరంగు చచ్చిపోతుంది, ఎడిటింగ్‌లో తిరిగి రాదు.

- బాక్సు దగ్గర ముదురురంగు చొక్కా వద్దు, గిల్టు మీద కనబడుతుంది.

- ఫోన్‌లో ఐ కంఫర్ట్‌ (స్క్రీన్‌ను పసుపుగా మార్చే సెట్టింగ్‌) ఆపి ఫొటోలు చూడండి.