జపాన్ బ్యాంకులో ఇంటర్న్‌గా చేరబోయే తెలుగు విద్యార్థులకు

జపాన్ బ్యాంకు నుంచి ఇంటర్న్‌షిప్ ఆహ్వానం రాగానే మొదట తేల్చుకోవలసినది వీసా సంగతి. మీరు జీతం తీసుకోవచ్చా, ఎన్నాళ్లు ఉండవచ్చు అన్న రెండు ప్రశ్నలకూ జవాబు దానిలోనే ఉంది. జీతంతో కూడిన ఇంటర్న్‌షిప్‌కు ‘తొకుతెయి కత్సుదో’, అంటే నిర్దేశిత కార్యకలాపాలు అనే తరగతి కింద అనుమతి ఇస్తారు. దీనికి మీరు జపాన్ వెలుపలి విశ్వవిద్యాలయంలో ఇంకా చదువుతూ ఉండాలి, ఇంటర్న్‌షిప్ మీ కోర్సులో భాగం కావాలి, విశ్వవిద్యాలయానికీ బ్యాంకుకూ మధ్య ఒప్పందం ఉండాలి. ఒక విడత ఏడాదికి మించకూడదు, మొత్తం కాలం మీ కోర్సు కాలంలో సగం దాటకూడదు. పట్టా చేతికి వచ్చాక ఈ అవకాశం ఉండదు కనుక చివరి సెమిస్టర్ దాకా ఆగడం మంచిది కాదు. జీతం లేకుండా 90 రోజులలోపు అయితే స్వల్పకాల వీసా చాలు, కానీ దాని మీద జీతం పుచ్చుకోవడానికి వీలులేదు.

జీతం ఉన్న ఇంటర్న్‌షిప్ అయితే బ్యాంకే అక్కడి ఇమ్మిగ్రేషన్ కార్యాలయంలో దరఖాస్తు చేసి మీకు అర్హత ధ్రువపత్రం పంపిస్తుంది. ఆ పత్రం జారీ అయిన మూడు నెలలలోపు మీరు జపాన్‌లో అడుగు పెట్టాలి. నరితా లేదా హనేదా విమానాశ్రయంలో దిగినప్పుడు ఇచ్చే ‘జైర్యూ కార్డు’ను, అంటే నివాస గుర్తింపు కార్డును, ఎప్పుడూ వెంట ఉంచుకోవాలి, ఇల్లు కుదిరిన 14 రోజులలోపు ఆ ప్రాంతపు వార్డు కార్యాలయంలో చిరునామా నమోదు చేయించుకోవాలి. ఏడాది లోపు ఉండేవారిని పన్ను లెక్కల్లో సాధారణంగా ప్రవాసులుగా చూస్తారు కాబట్టి జీతంలోంచి 20.42 శాతం కోత పడుతుంది. ఇల్లు వెతికేటప్పుడు చేతికొచ్చే మొత్తాన్నే లెక్కలోకి తీసుకోండి.

ఇక పేరు సంగతి. ఇది చిన్న విషయంగా కనిపిస్తుంది గానీ, మొదటి నెలంతా మిమ్మల్ని వెంటాడేది ఇదే. మనలాగే జపాన్‌వారు కూడా ఇంటిపేరు ముందు రాసి తరువాత పేరు రాస్తారు, అయితే వారు మనిషిని పిలిచేది ఇంటిపేరుతోనే. మన ఊళ్లో ఇంటిపేరు పెళ్లి పత్రికలకూ బడి రికార్డులకూ పరిమితం కనుక, కార్యాలయంలో ఎవరో ‘కొత్తపర్రి సాన్’ అని పిలిస్తే అది మీ ‘కొత్తపల్లి’ అని వెంటనే తట్టదు. జపాన్ లిపిలో ‘ల’కు వేరే అక్షరం లేదు, ‘ర’తోనే సరిపెట్టుకోవాలి. మీ పాస్‌పోర్టులో ఇంటిపేరు ఏ గడిలో ఉందో చూసుకుని, దాన్ని విదేశీ పేర్లు రాసే కతకనా లిపిలో ఎలా రాయాలో మొదటి రోజే మీ విభాగం వారితో కూర్చుని నిర్ణయించుకోండి. ఒక కాగితం మీద రాసి దగ్గర పెట్టుకుని, జీతాల విభాగానికీ, మీరు తెరిచే ఖాతాకూ, గుర్తింపు కార్డుకూ అదే రూపం ఇవ్వండి. అక్కడ డబ్బు బదిలీలో ఖాతాదారు పేరును కతకనాలో సరిచూస్తారు. ఒక్క దీర్ఘం తేడా వచ్చినా మీ జీతం వెనక్కి పోవచ్చు.

భాష విషయంలో తెలుగువారికి ఒక అనుకూలత ఉంది, ఒక ప్రమాదమూ ఉంది. క్రియ వాక్యం చివర రావడం, మాటకు ప్రత్యయాలు తగిలించడం, ఎదుటివారిని బట్టి మర్యాద మార్చడం మనకు పుట్టుకతో వచ్చినవే. ‘సాన్’ అంటే మన ‘గారు’ అని సులువుగా ఒంటబట్టించుకుంటాం, చిక్కంతా అక్కడే వస్తుంది. బయటి ఖాతాదారు ఫోన్ చేసి మీ మేనేజరు కోసం అడిగారనుకోండి. ‘మా మేనేజరు గారు సీట్లో లేరండీ’ అనడం మన మర్యాద. జపాన్‌లో బయటివారితో మాట్లాడేటప్పుడు మన సంస్థలోని మనిషికి, ఎంత పై అధికారి అయినా, ‘సాన్’ తగిలించకూడదు. మేనేజరు పేరు తనాకా అయితే ఉత్త ‘తనాకా’ అనే చెప్పి, క్రియలో వినయం చూపాలి. నాకు ఇది నోటికి రావడానికి మూడు వారాలు పట్టింది, ఎందుకంటే పెద్దవారి పేరును ‘గారు’ లేకుండా పలకడం తప్పన్న భావన చిన్ననాటి నుంచి నాలుకకు అలవాటై ఉంది. మూడోసారి మోగేలోపు ఫోన్ ఎత్తడం, ‘మోషి మోషి’ (హలో) అనకుండా బ్యాంకు పేరు, మీ పేరు చెప్పడం, విన్న విషయాన్ని తిరిగి వల్లించి చీటీ మీద రాయడం, ఈ మూడూ ఇంటి దగ్గరే గట్టిగా సాధన చేసి వెళ్లండి.

అంకెల్లో కూడా ముందే స్థిరపడాలి. జపాన్‌వారు పదివేలను ‘మన్’ అని, పది కోట్లను ‘ఒకు’ అని, లక్ష కోట్లను ‘చో’ అని లెక్కిస్తారు. మన లక్ష పది మన్‌లు, మన కోటి వెయ్యి మన్‌లు. బ్యాంకు నివేదికల్లో చాలాసార్లు పది లక్షల యెన్‌లను ఒక యూనిట్‌గా తీసుకుంటారు కాబట్టి, పట్టికలో 1,250 అని కనిపిస్తే అది 125 కోట్ల యెన్‌లు, వారి మాటలో పన్నెండున్నర ఒకు. సంవత్సరాలు కూడా ప్రస్తుత చక్రవర్తి పాలనాకాలాన్ని బట్టి లెక్కించే ‘రెయివా’ శకంలో రాస్తారు. 2025 అంటే రెయివా 7, అంటే మన సంవత్సరం నుంచి 2018 తీసివేస్తే సరిపోతుంది. ఆర్థిక సంవత్సరం మనలాగే ఏప్రిల్‌లో మొదలవుతుంది, అందుచేత మార్చి నెలాఖరులో చేరితే మీకు పని నేర్పే తీరిక ఎవరికీ ఉండదు.

మిత్సుబిషి యూఎఫ్‌జే, సుమితోమో మిత్సుయి, మిజుహో అనే మూడు పెద్ద బ్యాంకుల ప్రధాన కార్యాలయాలూ టోక్యోలోని మరునోఉచి, ఒతెమచి ప్రాంతంలోనే ఉన్నాయి. విదేశీ ఇంటర్న్ ఎక్కువగా కూర్చునేది ఇటువంటి ప్రధాన కార్యాలయంలోనే, అయినా శాఖలో కొన్ని రోజులు గడిపే అవకాశం ఇస్తే తప్పక వెళ్లండి. మధ్యాహ్నం మూడు గంటలకు షట్టర్ దించాక అసలు పాఠం మొదలవుతుంది. నోట్ల కట్టను నిలువుగా పట్టి ఒక్కొక్క నోటునూ లెక్కించడం, తరువాత అదే కట్టను విసనకర్రలా విప్పి నాలుగైదు నోట్లు కలిపి అడ్డంగా లెక్కించడం, రెండు లెక్కలూ కలిస్తేనే పట్టీ వేయడం అక్కడ చూస్తారు. ఒక్క యెన్ తేడా వచ్చినా కారణం తేలేదాకా వెతుకుతారు.

తప్పు జరిగినప్పుడు ఏం చేయాలో ముందే తెలుసుకోండి. నేనొకసారి ఒక పత్రంలో ఖాతా సంఖ్యలో 7 బదులు 1 రాసి, దాని మీదే దిద్దబోయాను. పక్కన కూర్చున్న సీనియర్ ఆమె నా చేయి ఆపి, స్కేలు తెచ్చి, ఆ సంఖ్య మీద రెండు సన్నని గీతలు గీయించి, పైన సరైన సంఖ్య రాయించి, బియ్యపు గింజ కంటే కాస్త పెద్దదైన ముద్ర వేయించింది. తప్పు కనిపిస్తూనే ఉండాలి, ఎవరు దిద్దారో కూడా తెలియాలి. అందుకే అక్కడ తుడిచేసే పెన్ను, వైట్‌నర్ పనికిరావు. ‘హంకో’ అనే ముద్రను కతకనాలో మీ పేరుతో చేయించుకుంటే ఉపయోగం.

పనిలో మీరు రోజూ వినే మాట ‘హోరెన్‌సో’. నివేదించడం, తెలియజేయడం, సలహా అడగడం అనే మూడు మాటల తొలి అక్షరాలు కలిపి చేసిన పదమిది. మనలో చాలామంది పని పూర్తయ్యాకే చెబుదామని ఆగుతారు. అక్కడ సగంలో ఉన్నప్పుడే చెప్పాలి, చెడ్డ కబురయితే అన్నిటికంటే ముందు చెప్పాలి. ఆలస్యమైతే అది మీ ఒక్కరి ఇబ్బందిగా ఉండదు, దాని కోసం ఎదురుచూస్తున్న పత్రం మరో నలుగురి ముద్రల కోసం ఆగిపోతుంది. రైలు ఆలస్యమైనా అంతే, ముందు ఫోన్ చేసి తరువాత స్టేషన్‌లో ఇచ్చే ఆలస్య ధ్రువపత్రం పట్టుకెళ్లండి.

ఇంటర్వ్యూకు ముందు జపాన్ వడ్డీ రేట్ల చరిత్ర చదువుకోండి. 2016లో మొదలైన నెగెటివ్ వడ్డీ రేటును, అంటే బ్యాంకులు తన దగ్గర ఉంచిన డబ్బులో కొంత భాగం మీద వాటి నుంచే వడ్డీ తీసుకునే పద్ధతిని, జపాన్ కేంద్ర బ్యాంకు 2024 మార్చిలో ముగించింది, ఆ మార్పు బ్యాంకుల ఆదాయాన్ని ఎలా మారుస్తుందో మీ మాటల్లో చెప్పగలగాలి. భారత్ గురించి కూడా అడుగుతారు. తిరుపతి జిల్లా శ్రీసిటీలో ఇసుజు వంటి జపాన్ కంపెనీల ఫ్యాక్టరీలు ఉన్నాయి కనుక, అక్కడి సరఫరాదారులకు ఎలాంటి రుణం అవసరమో ఒక పేజీ రాసుకుని వెళితే మాట్లాడడానికి ఆధారం ఉంటుంది.

భోజనం విషయంలో ఒక్క మాట చెబుతాను. కూరగాయల పులుసులోనూ చాలాసార్లు చేప రసం ఉంటుంది, కాబట్టి శాకాహారులు మొదటి విందు రోజునే ఆ సంగతి స్పష్టంగా చెప్పాలి.

చివరగా, గోప్యత. ఖాతాదారు పేరు లిఫ్టులోగానీ, రైల్లోగానీ, ఇంటికి చేసే వీడియో కాల్‌లోగానీ నోట రాకూడదు. తెలుగులోనే కదా మాట్లాడుతున్నామన్న ధీమా వద్దు, కంపెనీ పేరు ఏ భాషలోనైనా ఒకటే. కంపెనీల లోపలి సమాచారం ఆధారంగా షేర్లు కొనడం అక్కడి చట్టం ప్రకారం నేరం, ఇంటర్న్‌కూ మినహాయింపు లేదు. ఆఖరి రోజున గుర్తింపు కార్డుతో పాటు మీరు రాసుకున్న నోటు పుస్తకాన్నీ మేనేజరు ముందు పెట్టి, ఏ పేజీలు ఉంచుకోవచ్చో అడగండి. ఖాతాదారుల పేర్లున్న పేజీలను అక్కడే చించి, కాగితాలను ముక్కలు చేసే అక్కడి యంత్రంలోనే వేసి బయటకు రండి.